యతి అంటే ఆగడమా, అక్షరాల చెలిమా?

రాజమండ్రి నుంచి:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పద్యపాదంలో నియమిత స్థానంలో వచ్చే యతి గురించి ‘యతి అంటే విరామం, అక్కడ ఆగాలి’ అని నోట్సులో రాసుకుంది. సరైనదే అంటాను. సంస్కృతంలో ‘యమ్’ అంటే అదుపు చేయడం, నిలపడం. యతి అందులోంచే వచ్చింది. 11వ శతాబ్దిలో నన్నయ మా ఊళ్లోనే చెప్పిన ‘రాజకులైకభూషణుడు రాజమనోహరుడు’ పైకి చదవండి. ఉత్పలమాలలో యతి 10వ అక్షరం, ఇక్కడ అది రెండో ‘రా’. దాని ముందు ఊపిరి తీసుకుంటే పద్యం ఎంత హాయిగా సాగుతుందో!

అమలాపురం నుంచి:
మూలం గురించి మీతో పేచీ లేదండి. కానీ మాట పుట్టిల్లు వేరు, మెట్టినిల్లు వేరు. సంస్కృతంలో యతి దగ్గర పదం తెగాలి, అక్షరాలు కలవనక్కర్లేదు. తెలుగులో పాదం మొదటి అక్షరంతో యతి చోటి అక్షరం ధ్వనిలో కలవాలి, పదం తెగనక్కర్లేదు. పెద్దన హిమాలయ వర్ణనలో ‘పటలముహుర్ముహుర్లుఠదభంగతరంగ’ చూడండి. చంపకమాలకు 11వ అక్షరం యతి. మొదటి ‘ప’కు ‘భం’తో మైత్రి. ఆ ‘భం’ ఎక్కడుంది? ‘అభంగ’ (తెగని) అనే మాట నడుమ! అక్కడ ఆగి చదివితే ‘ద’లో కలిసిన ‘అ’ వెనక ఉండిపోయి, తెగని అలలు తెగిన అలలైపోతాయి. ఈ పాదాన్ని మా నాన్నగారు ఒక్క ఊపిరిలో చదివించేవారు. పిల్లలకు ‘ఆగాలి’ అని నేర్పితే నాకు బాధేస్తుంది.

పైగా దీనికి మన పేరు వడి. వడి అంటే వేగం. ఆగే చోటుకు ఎవరైనా ఆ పేరు పెడతారా?

ద్రాక్షారామం నుంచి:
చివరి మాట ఒప్పుకోనండి. ‘వళి’ అనే రూపం కూడా ఉంది, అది వేగం కాదు. మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన మూలం ఒకటే అనలేం. పెద్దన పాదం మాత్రం గట్టి సాక్ష్యమే.

అయినా విరామం పూర్తిగా పోలేదు. పోతన ‘ఎవ్వనిచే జనించు జగమెవ్వని’ అన్నాడు. 10వ అక్షరం ‘మె’. మొదటి ‘ఎ’తో కలిసింది ‘మ’ కాదు, అందులోని ‘ఎ’. జగము, ఎవ్వని అని మనసులో విడదీస్తేనే ఆ యతి చెల్లుతుంది. గొంతు ఆగదు, చెవి మాత్రం ఆ అతుకును గుర్తుపడుతుంది.

రాజమండ్రి నుంచి:
ఇప్పుడే మా అమ్మాయి చేత పెద్దన పాదం రెండు రకాలుగా చదివించాను. ‘భంగ’ దగ్గర తనే ఆగి, ‘నాన్నా, అర్థం మారిపోయింది’ అంది. నోట్సులో ‘ఆగాలి’ కొట్టేసి ‘కలవాలి’ అని రాసుకుంది. నన్నయ పాదం దగ్గర మాత్రం ఆగే చదువుతానంటోంది. నేనూ అంతే.