ప్రేమకథలో హత్య ఎందుకంత నచ్చుతుంది?

ప్రశ్న (నల్గొండ, ఇంటర్ లెక్చరర్):
మా కాలేజీ అమ్మాయిలు హాలీ జాక్సన్ 2019లో రాసిన 'ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్' ఒకరి తర్వాత ఒకరు చదువుతున్నారు. అట్ట ఊడితే టేపు అంటించి మరీ పంచుకుంటున్నారు. ప్రేమ, హత్య కలిస్తే అంత పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

జవాబు (మిర్యాలగూడ):
మేడమ్, నన్ను కూర్చోబెట్టింది ఒకటే ప్రశ్న: ఇతన్ని నమ్మొచ్చా? ఆ నవల కథానాయిక పిప్ స్కూల్ ప్రాజెక్టు పేరుతో మూసేసిన హత్య కేసు తవ్వుతుంది. ఆమెకు తోడొచ్చే రవి, హంతకుడని ఊరంతా ముద్ర వేసిన కుర్రాడి తమ్ముడు. వాళ్లిద్దరూ ఆధారాలు వెతుకుతూనే మెల్లగా దగ్గరవుతారు. పదిహేడేళ్లప్పుడు ఒక మనిషిని నమ్మడం ఎంత పెద్ద పనో పెద్దవాళ్లు మర్చిపోతారు. పైగా ఊరు ఒకసారి మాట అనేస్తే ఇంటిల్లిపాదీ మోయాలి. అది మన దగ్గరి పిల్లలకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

జవాబు (మహబూబ్‌నగర్):
నిజం అన్నా. మా అమ్మకు యండమూరి నవల 'వెన్నెల్లో ఆడపిల్ల' అంటే ఇప్పటికీ ప్రాణం. ఫోన్‌లో మాట్లాడే అమ్మాయి ఎవరో చెస్ ఆటగాడు రేవంత్ కనుక్కోవాలి, అంతే. కత్తి లేకుండానే ఊపిరి బిగపట్టిస్తుంది. కానీ వెంటపడి బెదిరించడాన్ని ప్రేమగా చూపే కథలు కూడా ఈ కోవలో చాలా వస్తున్నాయి. మేడమ్, వాటి గురించి పిల్లలతో తప్పకుండా మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు:
మాట్లాడతానమ్మా. ఈ వయసు పిల్లల కోసం తెలుగులో కొత్తవి ఏమైనా ఉంటే చెప్పండి, మా కాలేజీ లైబ్రరీకి తెప్పిస్తాను.