అప్‌డేట్: పాపకు సత్ప్రసాదం, బాబుకు అభ్యంగనం

మా పాప చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం (ఆశీర్వదించిన అప్పం) తీసుకోవాల్సి ఉంటే, జ్ఞానస్నానం (బాప్టిజం) సర్టిఫికెట్ పోయిందని, రాయగడలో జ్ఞానోపదేశం (దానికి ముందు చెప్పే మతపాఠాలు) అంతా ఒడియాలోనే చెబుతున్నారని, తనకు తెలుగు జపాలే వచ్చని, ఏం చెయ్యాలని అప్పుడు ఇక్కడ అడిగాను కదా. అంతా అయిపోయింది.

సర్టిఫికెట్ గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాను. పార్వతీపురంలో జ్ఞానస్నానం ఇచ్చిన విచారణలోనే (అంటే అక్కడి చర్చిలోనే) రిజిస్టర్ ఉంటుంది, చూసి కొత్తది రాసిచ్చారు. మొదటిసారి అందులో మా ఆవిడ పేరు తప్పు పడింది, ఇంకోసారి రైలెక్కాల్సి వచ్చింది. చేతికివ్వగానే అక్కడే చదువుకోండి.

భాష సంగతి పాపే తేల్చేసింది. ఒడియా పరలోక జపాన్ని తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకుని, పక్కింటి అమ్మాయి చేత ఉచ్చారణ దిద్దించుకుంది. పాపసంకీర్తనం (చేసిన తప్పులు ఫాదర్‌కి చెప్పుకోవడం) మాత్రం తెలుగు వచ్చిన ఫాదర్ దగ్గరే చేసింది. రిహార్సల్‌లో ఆశీర్వదించని అప్పం ఇస్తే అంగిలికి అతుక్కుపోయి ఒకటే నవ్వు. అసలు రోజు గంట ముందునుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. మా అమ్మ అవి కూడా ఇవ్వనంది!

బాబు భద్రమైన అభ్యంగనానికి (తైలం రాసి విశ్వాసంలో స్థిరపరిచే కన్ఫర్మేషన్‌కి) నేనే జ్ఞానతండ్రిగా (గాడ్‌ఫాదర్‌గా) నిలబడదామనుకున్నా. కన్న తల్లిదండ్రులు పనికిరారట. పదహారేళ్లు నిండి, అభ్యంగనం పొందినవాళ్లే ఉండాలి. జ్ఞానస్నానం అప్పటి జ్ఞానతండ్రే అయితే మరీ మంచిదన్నారు, అందుకని మా బావగారిని బొబ్బిలి నుంచి రప్పించాం. బిషప్‌గారు నుదుట తైలం రాస్తుంటే వాడి భుజం మీద మా బావగారి చెయ్యి వణికింది. వాడు మాత్రం కదల్లేదు.