సాఫ్టా ధ్రువపత్రం మూడోసారీ తిరిగొచ్చింది, ఎవరైనా దారి చెప్పగలరా

కారం మర, గుంటూరు
సభ్యులకు నమస్కారం. నిన్న సాయంత్రం ఆరు గంటలకు కూర్చున్నవాణ్ణి తెల్లవారేదాకా ఇదే పని మీద ఉన్నాను. సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమైన సాఫ్టా కింద సరకు పంపడానికి కావలసిన ఉత్పత్తి మూల ధ్రువపత్రం, అంటే సరకు ఏ దేశానిదో చెప్పే పత్రం కోసం ఆన్‌లైన్‌లో పెట్టిన దరఖాస్తు మూడోసారి కూడా తిరిగి వచ్చింది. మొదటిసారి మూల ప్రమాణం సరికాదన్నారు, రెండోసారి ఖర్చు పట్టిక జతచేయమన్నారు, అది జతచేశాక మళ్ళీ మొదటి కారణమే చూపించారు. సరకు కారం. మన మిరపకాయ, మన మరలోనే పట్టించాం. కస్టమ్స్ సరకు కోడ్ 0904 22 అనీ, మూల ప్రమాణం దగ్గర 'ఎ' అనీ రాశాను. ఇంతకన్నా ఏం రాయాలో నాకు తోచడం లేదు. లారీ ఎల్లుండి బయలుదేరాలి. పత్రం లేకపోతే సుంకంలో వచ్చే తేడాను నా బిల్లులో కోసుకుంటానని అవతలి కొనుగోలుదారు చెబుతున్నాడు.

విశాఖ కస్టమ్స్ బ్రోకర్
ఏ దేశానికి? పొట్లం మీద సరకు పేరు ఏమని అచ్చువేశారు?

విశ్రాంత అధ్యాపకుడు
మీ కష్టం చూస్తే బాధ కలుగుతోంది, కానీ దీని వేరు మీ దరఖాస్తులో లేదు. 1985 డిసెంబరులో ఢాకాలో సార్క్ ఏర్పడినప్పుడు, వలస పాలనలో ఒకే రైలు పట్టాల మీద, ఒకే మార్కెట్టులో బతికిన ప్రాంతం మళ్ళీ ఒకరికొకరు దగ్గరవుతుందని మా తరం వారంతా నమ్మాం. 2004 జనవరిలో ఇస్లామాబాదు శిఖరాగ్ర సభలో సాఫ్టా ఒప్పందం మీద సంతకాలు జరిగి, 2006 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అయినప్పటికీ ఈ ఎనిమిది దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తం విదేశీ వ్యాపారంలో దాదాపు ఐదు శాతం దగ్గరే నిలిచిపోయింది. ఆగ్నేయాసియా దేశాల కూటమిలో అదే వాటా పావు వంతుకు దగ్గరగా ఉంటుంది. 2014లో కాఠ్మాండూలో జరిగిన శిఖరాగ్ర సభ తర్వాత మరొకటి జరగలేదు. 2016లో ఇస్లామాబాదులో జరగవలసినది రద్దయింది. నాయకులు కలుసుకోని చోట గుమాస్తాలు ప్రతి గడినీ అనుమానంతో చూడడం సహజమే కదా. పక్కింటి వాడికన్నా సముద్రం అవతలి వాడితో బేరం సులువుగా కుదిరే పరిస్థితిని మనమే తెచ్చుకున్నాం.

కారం మర, గుంటూరు
మాస్టారూ, మీరు చెప్పినది నిజమే కావచ్చు, కానీ నా లారీ ఎల్లుండి కదలాలి. బ్రోకర్ గారూ, సరకు బంగ్లాదేశ్‌కు వెళ్తోంది. ఆ సంగతి రాయనే లేదని ఇప్పుడే గమనించాను. పొట్లం మీద 'మసాలా కారం' అని ఉంటుంది.

విశాఖ కస్టమ్స్ బ్రోకర్
కారం వేరు, మసాలా కారం వేరు. అందులో ఏమేం కలుస్తాయి? ఎవరి దగ్గర కొన్నారు?

రైలు సరకు
ఇది కొంచెం పక్క విషయమే అయినా చెప్పకుండా ఉండలేను. లారీనే ఎందుకు నమ్ముకుంటున్నారు? 2020 జులైలో మన రెడ్డిపాలెం స్టేషను నుంచి బంగ్లాదేశ్ సరిహద్దులోని బేనాపోల్‌కు ఎండుమిర్చితో ప్రత్యేక పార్సిలు రైలు వెళ్ళింది. పదహారు పెట్టెల్లో 384 టన్నులు పంపారు. రోడ్డు మీద టన్నుకు దాదాపు ఏడు వేల రూపాయలు అయ్యేది, రైలులో రూ. 4,608 పడింది. అంతకుముందు గూడ్సు రైలు కావాలంటే ఒకేసారి పదిహేను వందల టన్నులకు పైగా సరకు పోగుచేయవలసి వచ్చేది, చిన్న వర్తకులకు అది సాధ్యమయ్యే పని కాదు. లారీ అయితే మన వైపు సరిహద్దు గేటు పెట్రాపోల్ దాకా వెళ్ళి వరుసలో నిలబడాలి, గేటు దాటాక అవతలి యార్డులో సరకంతా దించి వాళ్ళ లారీకి ఎక్కించాలి. ఒక దేశపు వాహనం మరో దేశంలో నేరుగా తిరగడానికి బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ 2015 జూన్‌లో థింపూలో సంతకాలు చేశాయి, కానీ భూటాన్ దానిని ఆమోదించలేదు. బస్తా రెండుసార్లు దిగి రెండుసార్లు ఎక్కితే ఎంత కారం రాలిపోతుందో యార్డులో పనిచేసిన వాళ్ళకు తెలుసు.

కారం మర, గుంటూరు
అన్నగారూ, నా దగ్గర ఉన్నది పద్దెనిమిది టన్నులు, దానికి రైలు మాట ఎత్తలేను.

బ్రోకర్ గారూ, మిరప ఇక్కడిదే, తేజ రకం, యార్డులో కొన్నది. ధనియాలు, జీలకర్ర ఇక్కడి కమిషను వ్యాపారి దగ్గర కొన్నాం. పసుపు దుగ్గిరాలది. కొంచెం దాల్చినచెక్క, లవంగం కూడా పడతాయి. ఆ రెండూ చెన్నై వ్యాపారి దగ్గర తెప్పించాం. దాల్చినచెక్క శ్రీలంకదని ఆయన చెప్పారు, లవంగం ఎక్కడిదో అడగలేదు. ఇంత చిన్న వాటా కూడా లెక్కలోకి వస్తుందా?

విశాఖ కస్టమ్స్ బ్రోకర్
వస్తుంది. మీ దరఖాస్తు తిరిగిరావడానికి కారణం అదే.

పదాల పట్టింపు
అంతకంటే ముందు ఒక మాట. మాస్టారు 'దగ్గరవుతుంది' అన్నారు, ఈ గుంపులో మరికొందరు 'ఆర్థిక సమైక్యత' అనీ, 'ఏకీకరణ' అనీ రాస్తుంటారు. సాఫ్టా వీటిలో ఏదీ కాదు. అది స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం మాత్రమే. అంటే సభ్యదేశాలు తమలో తాము సుంకాలు తగ్గించుకుంటాయి, బయటి దేశాల మీద ఎవరి సుంకం వారిదే. యూరప్ దేశాలది సుంకాల కూటమి. బయటి నుంచి ఏ రేవులో దిగినా ఒకే సుంకం చెల్లించి లోపలికి వచ్చిన సరకు ఆ తర్వాత ఎక్కడికైనా వెళ్ళవచ్చు, కాబట్టి లోపల మూల ధ్రువపత్రం అడగరు. ఈ తేడా తెలియకుండా ఏకీకరణ అనే పెద్ద మాట వాడడం వల్లనే ఎగుమతిదారులు ఈ పత్రాన్ని ఉత్త లాంఛనం అనుకుంటున్నారు.

విశ్రాంత అధ్యాపకుడు
మీ తేడా సరైనదే, కానీ స్వేచ్ఛా వాణిజ్యం ఏకీకరణకు మొదటి మెట్టు అని అర్థశాస్త్రం చెబుతుంది. మెట్టును మెట్టు అనకుండా ఉండడం ఎలా?

పదాల పట్టింపు
మొదటి మెట్టు మీద ఇరవై ఏళ్ళుగా నిలబడిన వాళ్ళను మేడ ఎక్కారని రాయవద్దనే నా మనవి. ఇంకొకటి, మూల ధ్రువపత్రం అన్నప్పుడు 'మూలం' సరకు పుట్టిన దేశమే తప్ప బయలుదేరిన ఊరు కాదు. శ్రీలంకతో మన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2000లో అమలులోకి వచ్చిన కొన్నేళ్ళకు, బయటి దేశాల పామాయిలును అక్కడ వనస్పతిగా మార్చి సుంకం లేకుండా మన దేశానికి పంపారు. ఇక్కడి పరిశ్రమ గగ్గోలు పెట్టాక పరిమితి విధించవలసి వచ్చింది. కాబట్టి అధికారులు ఈ గడిని అంత పట్టుదలగా చూడడంలో అన్యాయం లేదు.

విశాఖ కస్టమ్స్ బ్రోకర్
అసలు విషయానికి వద్దాం. ఈసారి వివరంగా రాస్తాను, తమ్ముడూ, కాగితం దగ్గర పెట్టుకుని చదవండి.

'ఎ' అంటే సరకు పూర్తిగా ఇక్కడే పుట్టినదని అర్థం. మిరప ఒక్కటే మర పట్టించి పంపితే అది సరిపోయేది. మీ దానిలో ఎక్కడిదో తెలియని లవంగం, బయటి దేశపు దాల్చినచెక్క ఉన్నాయి కాబట్టి 'ఎ' రాస్తే అది తప్పుడు వాంగ్మూలం అవుతుంది. మీరు 'బి' రాసి, దాని పక్కన విదేశీ ముడిసరకు విలువ ఎఫ్‌ఓబీ ధరలో (సరకును ఎగుమతికి ఎక్కించేదాకా అయ్యే ధర) ఎంత శాతమో వేయాలి. భారతదేశపు సరకుకు ఇక్కడ చేరిన విలువ కనీసం నలభై శాతం ఉండాలి, అంటే విదేశీ వాటా అరవై శాతం దాటకూడదు. దానితోపాటు విదేశీ ముడిసరకు నాలుగంకెల శీర్షిక (సరకు కోడులో మొదటి నాలుగంకెలు), తయారైన సరకు శీర్షిక ఒకటి కాకూడదు. వేర్వేరు శీర్షికల మసాలా దినుసులు కలిసిన పొడి 0910 కిందికి వస్తుంది, మీరు రాసిన 0904 కిందికి కాదు. లవంగం 0907, దాల్చినచెక్క 0906, కాబట్టి శీర్షిక మారినట్టే. పసుపు కూడా 0910లోనే ఉంటుంది, అది బయటి దేశానిదైతే మీకు చిక్కు వచ్చేది; దుగ్గిరాలది కాబట్టి ఇబ్బంది లేదు. మిల్లు బిల్లు మాత్రం దాచుకోండి.

కిలో ఎఫ్‌ఓబీ ధర ఎంత? చెక్క, లవంగం ఖర్చు కిలోకు ఎంత పడింది?

కారం మర, గుంటూరు
ధర రూ. 310. చెక్క కిలో మూడు వందల చొప్పున కొన్నాం, కిలో పొడికి పన్నెండు రూపాయలు, లవంగానికి పది రూపాయలు. రెండూ కలిపి ఇరవై రెండు. శ్రీలంక కూడా సాఫ్టాలో ఉంది కదా, దాల్చినచెక్కను విదేశీ లెక్కలో నుంచి తీసేయవచ్చా? 'సి' అనే గుర్తు దానికేనని ఎక్కడో చదివాను.

విశాఖ కస్టమ్స్ బ్రోకర్
తీయవద్దు. అసలైన సిలోన్ దాల్చినచెక్క మూడు వందలకు దొరకదు. మీరు కొన్నది బహుశా కాసియా అనే చవక రకం చెక్క, వియత్నాం నుంచో చైనా నుంచో వచ్చి ఉంటుంది. శ్రీలంకదే అయినా అక్కడి మూల ధ్రువపత్రం మీ చేతిలో లేకపోతే దానిని ప్రాంతీయ సరకుగా చూపలేరు. రెంటినీ విదేశీ సరకుగానే వేయండి. 310లో 22 అంటే 7.1 శాతం. అరవై దాకా అవకాశం ఉన్నప్పుడు ఏడు శాతాన్ని దాచి ఏం లాభం? నా పాతికేళ్ళ పనిలో పత్రాలు ఆగిపోయినవన్నీ దాదాపు ఇలాంటి చిన్న పాళ్ళ దగ్గరే ఆగాయి.

ఇంకొక జాగ్రత్త. ఉత్తగా కలిపి పొట్లం కట్టడాన్ని మూల నిబంధనలు తగిన ప్రక్రియగా ఒప్పుకోవు. వేయించడం, దంచడం, మర పట్టడం, జల్లెడ పట్టడం ఏ వరసలో చేస్తారో ఖర్చు పట్టికలోనే రాయండి. ఇన్‌వాయిస్ మీద, పొట్లం మీద, దరఖాస్తులో సరకు పేరు ఒకటే ఉండాలి.

ఢాకా తెలుగువాడు
నేను ఇక్కడ ఒక దుస్తుల కర్మాగారంలో పనిచేస్తున్నాను. అవతలి వైపు సంగతి ఒకటి చెప్పాలి. పత్రం వచ్చినంత మాత్రాన మొత్తం పన్ను తగ్గదు. బంగ్లాదేశ్ ప్రధాన సుంకంతో పాటు నియంత్రణ సుంకం, అనుబంధ సుంకం వంటివి కూడా వేస్తుంది. సాఫ్టా రాయితీ ప్రధాన సుంకం దగ్గరే ఆగిపోతుంది. అసలు మీ 0910 సరకు వారి సున్నిత జాబితాలో ఉంటే ఆ రాయితీ కూడా ఉండదు. కొనుగోలుదారు 'తేడా కోస్తాను' అంటున్నాడు కాబట్టి, ఏ పన్నులో ఎంత తేడా అని కాగితం మీద అడగండి. 2025 ఏప్రిల్‌లో మన నూలును భూమార్గంలో రానివ్వబోమని వారు ఆపినప్పుడు మా కర్మాగారం కూడా ఇబ్బంది పడింది. కాబట్టి లారీ కదిలే ముందు ఆ దారి తెరిచి ఉందో లేదో కూడా కనుక్కోండి.

పదాల పట్టింపు
సున్నిత జాబితా అంటే నిషేధ జాబితా కాదని దయచేసి గమనించండి. అందులో ఉన్న సరకును పంపవచ్చు, సుంకం మాత్రం అందరికీ వేసేదే వేస్తారు.

విశ్రాంత అధ్యాపకుడు
ఢాకా మిత్రుడు చెప్పినదే నా మనసులో ఉన్న మాట. భారతదేశం 2011లో అత్యల్పాభివృద్ధి దేశాలకు తన సున్నిత జాబితాను 480 నుంచి 25 వస్తువులకు కుదించింది. ఐక్యరాజ్యసమితి నిర్ణయం ప్రకారం బంగ్లాదేశ్ ఆ వర్గం నుంచి బయటికి వచ్చే గడువు 2026 నవంబరు 24. ఆ తర్వాత రెండు దేశాలూ కొత్త ఒప్పందానికి కూర్చుంటాయా, లేక ఈ పన్నుల మీద పన్నులే కొనసాగుతాయా అన్నది గుంటూరు యార్డుకు కూడా పట్టవలసిన ప్రశ్న.

కారం మర, గుంటూరు
'బి', 7.1 శాతం, 0910 91 అని మార్చి, ప్రక్రియ వివరం రాసి మళ్ళీ పంపాను. మేము వేయించేది ధనియాలు, జీలకర్ర మాత్రమే, అలాగే రాశాను. బ్రోకర్ గారికి, ఢాకా అన్నగారికి ధన్యవాదాలు. కొనుగోలుదారుకు పన్నుల వివరం అడుగుతూ సందేశం పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.

రైలు సరకు
పద్దెనిమిది టన్నులే అయినా, యార్డులో మరో పదిమందిని కలుపుకుంటే ఒక పార్సిలు పెట్టె అడగవచ్చేమో ఎవరైనా కనుక్కున్నారా?