గోల్ఫ్ టోర్నీ నేరుగా చూసినవాళ్లు ఉన్నారా? నాన్నగారిని తీసుకెళ్లాలి

కృష్ణలంక_శ్రీను:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మా నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయనకి గోల్ఫ్ అంటే ప్రాణం. ఎప్పుడూ ఆడింది లేదు, టీవీలో చూసి చూసి నేర్చుకున్నారు. అమెరికాలో జరిగే మాస్టర్స్ టోర్నీ ఆఖరి రోజు ఆట మనకు అర్ధరాత్రి వేడెక్కి తెల్లవారుజాము దాకా నడుస్తుంది, అయినా కుర్చీలోంచి లేవరు. 2025లో రోరీ మెకిల్‌రాయ్ ప్లేఆఫ్‌లో (స్కోర్లు సమమైతే పెట్టే అదనపు ఆటలో) జస్టిన్ రోజ్‌ని ఓడించి, నాలుగు మేజర్లూ (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీలు) గెలిచిన ఆరో ఆటగాడయ్యాడు కదా, అప్పుడు ఇంటిల్లిపాదినీ లేపేశారు.

అదే రోరీ ఆ అక్టోబరులోనే దిల్లీ గోల్ఫ్ క్లబ్‌కి వచ్చి ఆడాడు. టామీ ఫ్లీట్‌వుడ్, విక్టర్ హోవ్లాండ్, షేన్ లౌరీ కూడా వచ్చారు. అమ్మకు ఒంట్లో బాగోక మేం వెళ్లలేకపోయాం. నాన్నగారు పైకి ఏమీ అనలేదు గానీ నాకు మాత్రం అది మనసులో ఉండిపోయింది. మన దేశంలో మళ్లీ అంత పెద్ద ఆటగాళ్లు వస్తే తప్పకుండా తీసుకెళ్లాలి. ఆయనకి డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులు. నాలుగు రోజుల ఆటలో ఏ రోజు మంచిది? ఒకచోట కూర్చోవాలా, ఆటగాళ్ల వెంట తిరగాలా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.

అరండల్‌పేట_కిరణ్:
అన్నా, మాది గుంటూరే, ఉద్యోగం గురుగ్రామ్‌లో. దిల్లీ టోర్నీకి నేను ఆదివారం వెళ్లాను. నన్నడిగితే ఆదివారమే వెళ్లండి. మూడో రోజు ముగిసేసరికి జపాన్ కుర్రాడు కీటా నకజిమా రెండు షాట్ల ఆధిక్యంలో ఉన్నాడు. చివరి రోజు ఫ్లీట్‌వుడ్ 65 షాట్లే కొట్టి, మొత్తం 22 అండర్‌తో (నిర్ణీత షాట్ల కన్నా 22 తక్కువతో), రెండు షాట్ల తేడాతో గెలిచాడు.

వాళ్ల చిన్నబ్బాయి ఆ మధ్య ఆయనతో ఒక మాట అన్నాడట: నువ్వు గెలిచినప్పుడు నేను పద్దెనిమిదో గ్రీన్ (చివరి హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీదికి పరుగెత్తుకుంటూ రావడం ఇంతవరకూ జరగలేదు నాన్నా అని. దిల్లీలో అది జరిగింది. పిల్లాడు పరుగెత్తుకెళ్లి తండ్రిని చుట్టేసుకున్నాడు. నా పక్కన నిలబడ్డ పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మీ నాన్నగారిని తీసుకెళ్తే ఆ రోజు తీసుకెళ్లాలి అన్నా.

ఇంకో సంగతి. దిల్లీ గోల్ఫ్ క్లబ్‌లోని ఆ లోధీ కోర్సు చాలా ఇరుకు. ఫెయిర్‌వేకి (బంతి కొట్టుకుంటూ పోయే పచ్చిక బాటకి) రెండు పక్కలా దట్టమైన చెట్లూ పొదలూ. బంతి అందులోకి పోతే మళ్లీ బయటికి తెచ్చుకోవడానికే ఒక షాట్ ఖర్చయిపోతుంది. అందుకే రోరీ అసలు డ్రైవరే (అన్నిటికన్నా దూరం కొట్టే కర్ర) బ్యాగులో పెట్టుకోలేదు. ప్రపంచంలో డ్రైవర్‌తో అంత దూరం కొట్టేవాళ్లు కొద్దిమందే. అలాంటి మనిషి దాన్ని పక్కన పెట్టేశాడంటే ఆ కోర్సు ఎలాంటిదో చూడండి.

పటమట_రావు:
శ్రీను గారూ, మీ నాన్నగారి అభిరుచికి ముందుగా నమస్కారం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసిన రోజుల్లో గోల్కొండ కోట పక్కన ఉన్న కోర్సులో ఆడేవాణ్ని. కిరణ్ బాబు చెప్పింది నిజమే, కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకి ఆదివారం సరిపడదు. జనమంతా చివరి రెండు మూడు జంటల వెంటే కదులుతారు. తలల వెనక నిలబడి మెడ సాచి చూడాలి.

నా ఓటు శుక్రవారానికి. మొదటి రెండు రోజులు అయ్యాక కట్ ఉంటుంది. దిల్లీ టోర్నీ జరిగిన డీపీ వరల్డ్ టూర్‌లో మామూలుగా మొదటి 65 మంది, వాళ్లతో సమానంగా ఉన్నవాళ్లు మిగులుతారు. మిగతా సగం మంది ఇంటికి. కట్ తప్పితే ప్రైజ్ మనీలో ఒక్క రూపాయి రాదు. విమానం చార్జీలు, హోటల్, క్యాడీ (ఆట సంచి మోసే సహాయకుడు) జీతం అన్నీ సొంత జేబులోంచే. శుక్రవారం సాయంత్రం పదిహేడో హోల్ దగ్గర ఒక ఆటగాడు నాలుగడుగుల పట్ (బంతిని హోల్లోకి దొర్లించే మెల్లని దెబ్బ) ముందు నిలబడ్డాడంటే, ఆ నాలుగడుగుల్లో అతని నెల ఖర్చు ఉంటుంది. లీడర్‌బోర్డు పైన ఉన్నవాళ్లకి ఆ రోజు ఆ టెన్షన్ ఉండదు, కింద ఉన్నవాళ్లకే. మన భారతీయ కుర్రాళ్లు చాలామంది ఆ గీత దగ్గరే పోరాడుతూ ఉంటారు. వాళ్ల వెంట జనం తక్కువ కాబట్టి బారెడు దూరంలో నిలబడి చూడొచ్చు. క్యాడీతో మాట్లాడుకునే మాటలు కూడా వినిపిస్తాయి.

అరండల్‌పేట_కిరణ్:
రావు గారూ, మీ మాట కాదనను. కానీ అంత దూరం వెళ్లి రోరీని చూడకుండా వస్తే పెద్దాయనకి వెలితిగా ఉండదా అండీ?

పటమట_రావు:
రోరీని పొద్దున్నే ప్రాక్టీస్ రేంజ్‌లో చూడొచ్చు బాబూ. కోర్సులో చూస్తే ఒక షాట్, తర్వాత అతని వీపు. రేంజ్‌లో వరసగా ఎన్నో బంతులు కొడతాడు, ఒకే చోట నిలబడి. ఊపు ఎక్కడ మొదలవుతుందో, భుజం ఎంత తిరుగుతుందో, ముగింపులో బరువంతా ఎడమ కాలి మీదికి ఎలా వస్తుందో తీరిగ్గా గమనించొచ్చు. టీవీలో ఏళ్ల తరబడి చూసిన మనిషికి దాన్ని మించిన విందు ఉండదు.

బ్రాడీపేట_మాధవి:
నేను మా అత్తగారినీ పిల్లల్నీ తీసుకెళ్లాను, శనివారం. కాబట్టి నడక గురించి నన్నడగండి. పద్దెనిమిది హోల్స్ వెంట తిరగాలంటే ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు అవుతుంది, నాలుగున్నర గంటలకు తగ్గదు. పెద్దవాళ్ల వల్ల కాదు.

మేం చేసిందేంటంటే, ఒక పార్ త్రీ హోల్ (మూడు దెబ్బల్లో పూర్తిచేయాల్సింది) చూసుకుని గ్రీన్ పక్కన నీడలో కూలబడ్డాం. పార్ ఫోర్, పార్ ఫైవ్‌లో కొట్టే చోటు ఒక దగ్గర, బంతి పడే చోటు ఇంకో దగ్గర, సగం ఆట కనపడదు. పార్ త్రీలో మొదటి దెబ్బ నుంచి పట్ వేసేదాకా మొత్తం ఒక్క చోటి నుంచే కనిపిస్తుంది. పైగా అందరూ మన ముందుకే వస్తారు. ఒక జంట పోతే పది పన్నెండు నిమిషాల్లో ఇంకో జంట.

మా అత్తగారికి గోల్ఫ్ ఓనమాలు తెలియవు. గంట గడిచేసరికి ఆవిడే చెప్పడం మొదలుపెట్టారు, ఇది కుడికి పోతుంది చూడు అని. ఒకే గ్రీన్ మీద బంతులు దొర్లడం అన్నిసార్లు చూస్తే నేల వాలు మనకే అర్థమైపోతుంది. ఒక ఆటగాడు పట్ వేసే ముందు గ్రీన్ మీద పడ్డ చిన్న గుంటని మేకులాంటి దాంతో సరిచేసి, అరికాలితో మెల్లిగా అదిమాడు. అది అతని బంతి చేసిన గుంట కాదు, ముందు వెళ్లినవాళ్లది. మా పెద్దాడు అది చూసి, మన గ్రౌండ్‌లో కూడా ఇలా చేస్తే ఎంత బాగుంటుందమ్మా అన్నాడు.

ఆటగాడు బంతి ముందు నిలబడగానే వాలంటీర్లు రెండు చేతులూ పైకెత్తుతారు. అంతే, అంత జనంలోనూ చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విల్లు ఎక్కుపెట్టినప్పుడు ఎలా ఊపిరి బిగబట్టి చూస్తామో అలాగే. కాబట్టి ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోవడం మరిచిపోకండి.

నైట్_షిఫ్ట్_బెజవాడ:
ఇంతసేపూ రోరీ, ఫ్లీట్‌వుడ్ అన్నారు, మన సాహిత్ తీగల పేరు ఎవరూ ఎత్తలేదేంటండీ! పుట్టింది కాలిఫోర్నియాలో అయినా తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు. 2023లో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. అదే ఏడాది మొదటిసారి మాస్టర్స్ ఆడి తొమ్మిదో స్థానంలో నిలిచాడు. చివరి రోజు పదహారో హోల్లో గ్రీన్ ఎడమ పక్క నుంచి చిప్ చేస్తే (కొద్దిగా లేపి కొడితే) బంతి వాలు మీదుగా వంపు తిరిగి వచ్చి హోల్లో పడింది. 2005లో టైగర్ వుడ్స్ అక్కడే కొట్టిన షాట్‌ని గుర్తు చేసింది.

కానీ నాకు అతని మీద గౌరవం పెరిగింది 2024 టూర్ చాంపియన్‌షిప్‌తో. మూడో రోజు బంతి బంకర్లో పడింది. కొట్టడానికి క్లబ్‌ని వెనక్కి తీసేటప్పుడు ఇసుకకి తగిలిందని అతనికి అనిపించింది. బంకర్లో అలా తగలకూడదు, తగిలితే రెండు షాట్ల పెనాల్టీ. ఎవరూ వేలెత్తి చూపలేదు. తనే అధికారిని పిలిచి చెప్పాడు, రెండు షాట్లు వేయించుకున్నాడు. చివరికి సరిగ్గా రెండు షాట్ల తేడాతో, రెండో స్థానంలో నిలిచిన కాలిన్ మొరికావా వెనక మూడో స్థానంలో ఆగాడు. రెండో స్థానానికి కోటీ పాతిక లక్షల డాలర్లు, మూడోదానికి 75 లక్షలు. ఆ పెనాల్టీ లేకపోతే ఇద్దరూ సమానమై చెరో కోటి పంచుకునేవాళ్లు. అంటే ఒక్క మాట చెప్పినందుకు పాతిక లక్షల డాలర్లు వదులుకున్నాడు. మా ఇంట్లో పిల్లలకి ఈ సంగతి చెబుతూనే ఉంటాను.

కొత్తపేట_సాయి:
అన్నలూ, చిన్న డౌట్. గుంటూరులో గోల్ఫ్ నేర్చుకోవాలంటే ఏంటి దారి?

పటమట_రావు:
పూర్తి పద్దెనిమిది హోల్స్ కావాలంటే హైదరాబాదు గానీ, విశాఖలో ఈస్ట్ పాయింట్ గానీ వెళ్లాలి నాయనా. రెండు చోట్లా మన ప్రొఫెషనల్ టూర్ టోర్నీలు జరుగుతుంటాయి. ముందు ఒక టోర్నీ చూసిరా, తర్వాత కోచ్‌ని వెతుక్కో. శ్రీను గారికి కూడా ఇదే చెబుతున్నాను: దిల్లీ కంటే ముందు నాన్నగారిని విశాఖకి తీసుకెళ్లండి. పేరున్న విదేశీయులు ఉండరు, నిజమే. కానీ ఆ టూర్ నుంచి పైకొచ్చినవాళ్లే రేపు పెద్ద టోర్నీల్లో కనిపిస్తారు. 2015 పీజీఏ చాంపియన్‌షిప్‌లో అనిర్బన్ లాహిరి అయిదో స్థానం, 2023 బ్రిటిష్ ఓపెన్‌లో శుభంకర్ శర్మ ఎనిమిదో స్థానం సాధించారు. ఇద్దరూ మన దేశపు టూర్‌లో ఆడి ఎదిగినవాళ్లే.

కృష్ణలంక_శ్రీను:
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. మొత్తం నాన్నగారికి చదివి వినిపించాను. మాధవి గారి పార్ త్రీ మాటకి తల ఊపారు. రావు గారి శుక్రవారం ఆయనకి బాగా నచ్చింది, కట్ గీత దగ్గర ఆటే అసలు ఆట అంటున్నారు. తీగల పెనాల్టీ సంగతి ఆయనకి ముందే తెలుసు, ఏ హోల్లో జరిగిందో కూడా చెప్పారు, మూడోది.

ఇంకొక్క ప్రశ్న. ప్రయాణం రైల్లోనా, విమానంలోనా?

బ్రాడీపేట_మాధవి:
రైలైతే ఏపీ ఎక్స్‌ప్రెస్, జీటీ, తమిళనాడు ఎక్స్‌ప్రెస్ అన్నీ బెజవాడ మీదుగానే పోతాయి. కానీ ఒక రోజు పైనే కూర్చోవాలి, మోకాళ్లకి మంచిది కాదు. గన్నవరం నుంచి విమానమే నయం. ఇంకోటి, దిల్లీ టోర్నీ ముగిసిన మర్నాడే దీపావళి వచ్చింది, తిరుగు టికెట్లకి చాలా ఇబ్బంది పడ్డాం. తేదీలు ప్రకటించగానే పండగలు చూసుకుని ముందు తిరుగు టికెట్ తీసుకోండి.

అరండల్‌పేట_కిరణ్:
దిల్లీలోనే అయితే నాకు మెసేజ్ పెట్టండి అన్నా. ఖాన్ మార్కెట్ మెట్రో స్టేషన్ నుంచి క్లబ్ దగ్గరే, అయినా పెద్దాయన్ని నడిపించొద్దు, నేను కారు తెస్తాను. శుక్రవారం సెలవు పెట్టేస్తా.