ఆగస్టు ఫుల్ మారథాన్‌కు బెజవాడ ఎండల్లో తయారవడం తగునా?

కరకట్ట బాటసారి (విజయవాడ):

పరుగు మంచిదా చెడ్డదా అన్న వాదం ఈ చర్చావేదికలో ఇదివరకే చాలాసార్లు నడిచింది, ప్రతిసారీ ఎవరి మాట మీద వారే ఉండిపోయారు. అందుకే నా ప్రశ్నను ఒక ఊరికీ ఒక కాలానికీ కట్టుబడేటట్టు అడుగుతున్నాను. నలభై దాటి, పగలంతా కుర్చీలో కూర్చుని పనిచేస్తూ, రెండు మూడు హాఫ్ మారథాన్లు (21 కిలోమీటర్లు) పూర్తిచేసినవారు, ఆగస్టు నెలాఖరులో జరిగే హైదరాబాద్ ఫుల్ మారథాన్‌కు (42 కిలోమీటర్లు) విజయవాడలోనో గుంటూరులోనో ఉండి తయారుకావడం తగిన పనేనా? తగదన్నది నా అభిప్రాయం. ఒప్పుకోనివారు కారణాలు చూపించి కాదనండి.

ఫుల్‌కు సాధారణంగా 16 నుంచి 18 వారాల శిక్షణ కావాలి. ఆగస్టు చివరి ఆదివారం నుంచి 18 వారాలు వెనక్కి వెళితే ఏప్రిల్ నెలాఖరు వస్తుంది. అంటే వారం వారం కిలోమీటర్లు పెంచుకుంటూ పోవలసిన మొదటి ఆరు వారాలు సరిగ్గా మే నెలలో, రోహిణి కార్తెలో పడతాయి. ఆ రోజుల్లో మధ్యాహ్నం 45 డిగ్రీలు తాకడం ఒక ఎత్తు, తెల్లవారుజామున కూడా వేడి 28 డిగ్రీల కిందికి దిగకపోవడం ఒక ఎత్తు. పక్కనే కృష్ణ, ఊరి మధ్యలో మూడు కాలువలు. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. బ్లేజ్‌వాడ అన్న పాత ఎగతాళి ఊరికే పుట్టలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు 44 ఏళ్లు. మొన్న ఏప్రిల్‌లో మొదలుపెట్టి, సీతానగరం దగ్గర బండి ఆపి కరకట్ట వెంట ఉండవల్లి దాటి వెళ్లి రావడం అలవాటు చేసుకున్నాను. వారానికి 30 కిలోమీటర్లు ఉన్నది నాలుగో వారానికి 48 అయింది. ఎండెక్కక ముందే ఇల్లు చేరాలని మూడున్నరకు లేచేవాడిని. ఆఫీసు పని, పిల్లల చదువు, భోజనం అయి పడుకునేసరికి పదకొండు. నెలన్నరలో నాలుగు కిలోలు తగ్గి, అదేదో ఘనకార్యమన్నట్టు అందరికీ చెప్పుకున్నాను. తరువాత ఎడమ కాలి షిన్ ఎముక (మోకాలి కింద ముందువైపుది) లోపలి అంచున, వేలు పెట్టి చూపించగలిగినంత చోట నొప్పి మొదలైంది. కండరం పట్టేసిందనుకుని బామ్ రాసుకుని ఇంకో పది రోజులు పరుగెత్తాను. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు, ఎమ్మారైలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడిన శ్రమకు ఎముకలో వచ్చే సన్నని పగులు) అని తేలింది. ఎనిమిది వారాలు పరుగు మాట ఎత్తవద్దన్నారు. ఫుల్ పరుగెత్తాలనుకునే మన ఊరివాళ్లు జనవరిలో జరిగే ముంబయి మారథాన్‌కు వెళ్లాలే తప్ప ఆగస్టు జోలికి పోకూడదని ఇప్పుడు అనిపిస్తోంది.

బందరు కాలువ గట్టు (విజయవాడ):

మీ కాలు త్వరగా బాగుపడాలని కోరుకుంటున్నాను. అయితే మీరు కేసు పెట్టింది ఒకరి మీద, సాక్ష్యాలు చూపించింది మరొకరి మీద. నాలుగు వారాల్లో 30 నుంచి 48కి ఎక్కించింది ఎండ కాదు. రాత్రికి నాలుగున్నర గంటల నిద్ర ఎండ పెట్టిన శిక్ష కాదు. పది రోజులు బామ్ రాసుకుని పరుగెత్తమని రోహిణి కార్తె చెప్పలేదు.

నాకు 58 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే పరుగెత్తుతున్నాను, ఆగస్టు ఫుల్ ఆరుసార్లు పూర్తిచేశాను. వేడికి శరీరం అలవాటు పడుతుందన్నది నా ఒక్కడి గొప్ప కాదు, వ్యాయామ శాస్త్రం చదివిన ఎవరైనా చెబుతారు. పది పధ్నాలుగు రోజులు, రోజుకు గంట చొప్పున వేడిలో నెమ్మదిగా శ్రమిస్తే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది, అదే వేగానికి గుండె కొట్టుకోవడం తగ్గుతుంది. ఈ మేలు బెజవాడవాడికి ఖర్చు లేకుండా దొరుకుతుంది. మేలో నేను వాచీ చూసి పరుగెత్తను. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగమే పెట్టుకుంటాను, అది కిలోమీటరుకు ఒక నిమిషం తగ్గినా సిగ్గుపడను.

ఇక జనవరి అంటారా, దానికి సెప్టెంబరులో మొదలుపెట్టాలి. సెప్టెంబరులో ఉక్కపోత, అక్టోబరు నవంబరుల్లో తుపాన్లు, కరకట్ట మీద బురద. మన ఊళ్లో ఏ కాలమూ పరుగు కోసం తీరిగ్గా కూర్చుని ఉండదు.

గుంటూరు ఫిజియో:

కాలువ గట్టు మాస్టారి తర్కం గట్టిదే గాని, ఎండను అంత సులువుగా వదిలిపెట్టలేము. నా దగ్గరికి వచ్చే రన్నర్లలో షిన్ నొప్పితో వచ్చేవారు ఎక్కువ. వారికి నేను చెప్పేదే ఇక్కడా చెబుతాను.

పరుగు వల్ల ఎముకలో కంటికి కనబడని సూక్ష్మమైన పగుళ్లు ఏర్పడతాయి. శరీరం ముందు ఆ దెబ్బతిన్న భాగాన్ని తొలగిస్తుంది, ఆ తరువాతే కొత్త ఎముకను నింపుతుంది. తొలగించడం కొన్ని వారాల్లో అయిపోతుంది, నింపి గట్టిపరచడానికి నెలలు పడుతుంది. అందువల్ల శిక్షణ హఠాత్తుగా పెంచిన మూడో వారం నుంచి ఆరో వారం దాకా ఎముక మొదటికన్నా బలహీనంగా ఉండే అవకాశం ఉంది. చిక్కేమిటంటే గుండె, ఊపిరితిత్తులు అంతకన్నా తొందరగా తయారవుతాయి. ఆయాసం తగ్గింది కాబట్టి కాలు కూడా సిద్ధమైందని మనిషి అనుకుంటాడు. బాటసారి గారి నాలుగో వారం సరిగ్గా అక్కడే ఉంది. ఎక్స్‌రేలో కనబడకపోవడం కూడా వింతేమీ కాదు, మొదటి వారాల్లో చాలావరకు కనబడదు. కండరం నొప్పి పరుగు మొదలైన కాసేపటికి సర్దుకుంటుంది, పరుచుకుని ఉంటుంది. ఎముక నొప్పి ఒకే చోట ఉండి, పరుగెత్తేకొద్దీ పెరిగి, చివరికి నడిచేటప్పుడూ పడుకున్నప్పుడూ కూడా తెలుస్తుంది. ఈ తేడా తెలిసి ఉంటే ఆ పది రోజులు మిగిలేవి.

ఇందులో ఎండ పాత్ర ఏమిటంటే, అది కాలి మీద కాక కడుపు మీదా నిద్ర మీదా దెబ్బకొడుతుంది. మే నెలలో లాంగ్ రన్ (వారానికోసారి చేసే దూరపు పరుగు) తరువాత ఎవరికీ ముద్ద దిగదు. రెండు గ్లాసుల మజ్జిగ తాగి ఆఫీసుకు పోతారు. ఖర్చయిన శక్తికి సరిపడా తినకపోతే శరీరం ఎముకల మరమ్మతును వాయిదా వేస్తుంది, హార్మోన్లు తగ్గుతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టింది, అది ఆడవారికే కాదు మగవారికీ వర్తిస్తుందని చెప్పింది. ఘనకార్యమనుకున్న ఆ నాలుగు కిలోలు బహుశా ఎముక ఖాతాలో నుంచి తీసిన అప్పు. ఇంకో విడ్డూరం, ఇంత ఎండ ఉన్న ఊళ్లో చీకటితో పరుగెత్తి, పగలంతా ఏసీ గదిలో కూర్చునేవారికి విటమిన్ డి కూడా చాలదు.

వారానికి పది శాతం మించి పెంచకూడదన్న సూత్రాన్ని ఎవరైనా తెస్తారని ముందే చెబుతున్నాను. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్త రన్నర్లను రెండు జట్లుగా చేసి పరీక్షించి 2008లో ప్రకటించిన ఫలితాల్లో, పది శాతం సూత్రం పాటించిన జట్టులోనూ పాటించని జట్టులోనూ గాయపడినవారు ఇంచుమించు ఐదింట ఒక వంతే. సూత్రం ఒక్కటే కాపాడదు, తిండీ నిద్రా తోడుండాలి. మే నెల ఆ రెండింటినీ లాక్కుంటుంది.

సత్యనారాయణపురం పాఠకుడు (విజయవాడ):

నేను పరుగెత్తను, సాయంత్రం నడుస్తాను. మీరంతా ఏ నెల అని తగవులాడుతున్నారు, అసలు 42 కిలోమీటర్లు ఎందుకని ఒక్కరూ అడగలేదు. 42.195 అన్న అంకెలో వైద్యమూ లేదు, వేదమూ లేదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగిసేలా దారి వేస్తే వచ్చిన దూరం అది, 1921లో దాన్నే ప్రమాణం చేశారు. ఆ రాజుగారి దూరం కోసం మనం కాళ్లు విరగ్గొట్టుకోవాలా?

ఆరోగ్యమే కావాలంటే అందులో పదోవంతు చాలు. అమెరికాలో 55 వేల మందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించి 2014లో వెలువరించిన అధ్యయనంలో, రోజుకు ఐదు పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తినవారికి కూడా గుండె జబ్బు మరణాలు బాగా తగ్గాయి. 2015లో కోపెన్‌హేగన్ నుంచి వచ్చినదాంట్లో అతిగా పరుగెత్తేవారికీ అసలు కదలనివారికీ మరణాల్లో తేడా కనబడలేదు. పైగా మన దక్షిణాసియా దేశాలవారికి మొదటి గుండెపోటు మిగతా ప్రపంచంకన్నా ఐదారేళ్లు ముందే వస్తోందని 2007లోనే లెక్క తేలింది, 53 ఏళ్లకు. నలభై దాటిన గుమస్తాలు ఆ లెక్క చూసుకున్నాక పేరు నమోదు చేసుకోవాలి.

బందరు కాలువ గట్టు:

పాఠకుడు గారూ, కోపెన్‌హేగన్ అధ్యయనంలో అతిగా పరుగెత్తేవారు సుమారు నలభై మందే, వారిలో మరణించినది ఇద్దరు. ఇద్దరి చావు చూసి ఊరంతటికీ నియమం రాయలేము. గుండె సంగతికి మేలైన లెక్క అమెరికాది: 2000 నుంచి 2010 దాకా ఫుల్, హాఫ్ కలిపి కోటీ తొమ్మిది లక్షల మంది పరుగెత్తగా 59 మందికి గుండె ఆగింది. లక్ష మందిలో ఒకరు కూడా కాదు. అయితే న్యాయంగా చెప్పాలి, ఫుల్‌లో ఆ ప్రమాదం హాఫ్‌కన్నా మూడు రెట్లకు పైగా ఎక్కువ. మా బృందంలో నలభై దాటినవారెవరైనా ఈసీజీ, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోకుండా ఫుల్ మొదలుపెడతానంటే నేను ఒప్పుకోను.

దూరం ఎందుకంటారా, కొండ ఎందుకు ఎక్కుతారని ఇంద్రకీలాద్రి మెట్లెక్కే భక్తుణ్ణి అడగండి. లిఫ్టు ఉందిగా అంటే ఆయన నవ్వుతాడు.

బ్రాడీపేట పంతులమ్మ (గుంటూరు):

మీ లెక్కలన్నీ మగవారి గడియారంతో వేసినవి. మూడున్నరకు లేచి నాలుగున్నరకు ఒంటరిగా రోడ్డు మీదికి రావడం ఆడవారికి ఎంతవరకు కుదురుతుందో ఆలోచించండి. కుక్కల సంగతి సరే, ఖాళీ రోడ్డే భయం. నాకు తోడు దొరికేసరికి ఐదున్నర; 25 కిలోమీటర్ల లాంగ్ రన్ ముగిసేసరికి ఎనిమిదిన్నర. ఎండకు అలవాటు పడండని మాస్టారు చెప్పినంత తేలిక కాదు, నేను చివరి గంటన్నర నిజమైన ఎండలోనే పరుగెత్తాను. ఫిబ్రవరి మార్చి నెలల్లో మిర్చి యార్డు వైపు వెళితే తుమ్ములు అదనం.

రెండో మాట రక్తం గురించి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవారిలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అరికాలు నేలకు తగిలినప్పుడల్లా కొన్ని ఎర్ర రక్తకణాలు నలిగిపోతాయి, చెమటతోనూ నెలసరితోనూ ఇనుము పోతుంది. నేను మూడు నెలలు నాలో పట్టుదల లేదని నన్నే తిట్టుకున్నాను. హిమోగ్లోబిన్ బొటాబొటిగా ఉంది, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపే పరీక్ష) చూపిస్తే అడుగంటి ఉంది. మాత్రలు వేసుకున్న రెండు నెలలకు అవే కాళ్లు అదే దారిలో కదిలాయి.

మూడోది నీళ్లు. ఎండ అన్న భయంతో ఒక పందెంలో ప్రతి బల్ల దగ్గరా రెండేసి గ్లాసులు ఒట్టి నీళ్లు తాగాను. చివరికి తలనొప్పి, వాంతి, చేతి ఉంగరం బిగుసుకుపోయింది. ఇంటికొచ్చి తూచుకుంటే పొద్దుటికన్నా కిలో ఎక్కువ. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, తక్కువగా ఉందట. అతిగా తాగితే ఉప్పు మజ్జిగ కూడా కాపాడదు. దాహం వేసినంతే తాగాలి, లాంగ్ రన్‌కు ముందూ తరువాతా బరువు చూసుకుంటే ఎంత పోతోందో తెలుస్తుంది.

నేను మాత్రం ఆగస్టు మానేశాను. జనవరికి వెళ్తాను, నవంబరు డిసెంబరుల్లో ఆరు గంటలకు బయలుదేరినా ఎండకు భయపడనక్కర్లేదు కాబట్టి.

కరకట్ట బాటసారి:

పంతులమ్మగారూ, ఆ కోణం నాకు తట్టనే లేదు. ఫిజియో గారిని రెండు అడుగుతాను. మోకాళ్లు అరిగిపోతాయని మా నాన్నగారు రోజూ అంటున్నారు. ఇంకొకటి, మా బృందంలో కొందరు లాంగ్ రన్‌కు ముందే నొప్పి మాత్ర వేసుకుంటున్నారు.

గుంటూరు ఫిజియో:

మాత్ర గురించి ముందు. వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం ఎలాగూ తగ్గుతుంది, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి దాన్ని మరింత తగ్గిస్తాయి. బెజవాడ మేలో ఈ రెండూ కలవడం ప్రమాదం. పైగా ఆగమని చెప్పే నొప్పి నోరు మూసినట్టవుతుంది.

మోకాళ్ల విషయంలో 2017లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, తుంటి లేదా మోకీలు అరుగుదల సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం, కదలకుండా ఉండేవారిలో 10.2, పోటీల స్థాయిలో పరుగెత్తేవారిలో 13.3 శాతం. నాన్నగారికి మొదటి రెండు అంకెలు చూపించండి. అయితే ఈ లెక్కకు ఒక లొసుగు ఉంది: మోకాలు నొప్పి పుట్టినవారు పరుగు మానేసి ఆ జాబితాలో నుంచి తప్పుకుంటారు, మిగిలినవారి మోకాళ్లు మంచివే అయి ఉంటాయి.

ఎండదెబ్బ గురించి ఎవరూ ఎత్తలేదు కనుక ఒక్క మాట. పరుగెత్తుతున్న మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా అది నీరసం అనుకోకండి. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే ప్రతి నిమిషమూ విలువైనదే. అంబులెన్స్‌కు ఫోన్ చేసి ఊరుకోకుండా, అది వచ్చేలోగా మంచు నీళ్ల తొట్టిలో ముంచాలి, లేదా దొరికిన నీళ్లు ఒళ్లంతా ఆపకుండా పోయాలి.

బందరు కాలువ గట్టు:

నిన్న రాత్రి నా పాత డైరీ తీశాను, ఆగస్టు మంచిదేనని మీ అందరికీ అంకెలతో చూపిద్దామని. చివరిసారి ఏప్రిల్‌లో నాతో మొదలుపెట్టినవారు ఏడుగురు. ఆగస్టులో హైదరాబాద్ రైలెక్కినవారు ముగ్గురు. ఆరుసార్లు పూర్తిచేశానని ఇక్కడ రాసినప్పుడు ఈ లెక్క నాకు గుర్తు రాలేదు. ఫిజియో గారు మోకాళ్ల జాబితా గురించి చెప్పిన లొసుగు నా మాటలోనూ ఉంది. ఎండకు అలవాటు పడవచ్చన్నది ఇప్పటికీ నిజమే. కాని మొదటిసారి ఫుల్ పరుగెత్తేవారు ఆగస్టు పెట్టుకోవద్దన్న బాటసారి గారి మాటకు ఇకమీదట అడ్డు చెప్పను. ఒకటి రెండు ఫుల్స్ చేసి, తమ ఒళ్లు తమకు తెలిసినవారి విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

కరకట్ట బాటసారి:

మిగతా నలుగురూ ఎందుకు ఆగిపోయారు మాస్టారూ?

బందరు కాలువ గట్టు:

ఒకరికి మడమ నొప్పి. ఒకరికి మీలాగే షిన్. ఒకాయనకు బదిలీ అయింది. నాలుగో ఆయన జూన్‌లో ఒక ఆదివారం నుంచి రావడం మానేశాడు, ఎందుకో నేను అడగలేదు. ఇవాళ ఫోన్ చేస్తాను.