స్నాప్‌షాట్ ఉండగా బ్యాకప్ దండగేనా?

హన్మకొండ స్టూడియో:
పెళ్ళి ఫోటోలు, వీడియోలు అన్నీ ఒక 4 టీబీ డిస్కులో, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (లినక్స్‌లో డిస్కు మీద ఫైళ్ళను అమర్చే పద్ధతి) మీద ఉన్నాయి. గంటకోసారి స్నాప్‌షాట్, అంటే ఆ సమయానికి ఫైళ్ళు ఎలా ఉన్నాయో అలా పట్టి ఉంచడం, క్షణంలో పని. మొన్న మా పిల్లాడు పరకాల పెళ్ళి ఫోల్డర్ మొత్తం డిలీట్ కొట్టాడు. టెన్షన్ పడేలోపే వెనక్కి తెచ్చేశాను. ఇంకా రాత్రంతా ఆర్‌సింక్ (కొత్తవీ మారినవీ అయిన ఫైళ్ళను ఇంకో డిస్కుకు కాపీ చేసే ప్రోగ్రామ్) నడపడం దండగ అంటాను.

కాజీపేట కుర్రాడు:
స్నాప్‌షాట్ ఇంకో కాపీ కాదన్నా. ఫైలు మారితే కొత్త డేటా వేరే చోట రాసి, పాత బ్లాకులను చెరపకుండా ఉంచుతుంది, అంతే. డిస్కు పోతే ఫైళ్ళూ స్నాప్‌షాట్లూ రెండూ పోతాయి. 2020 ఆగస్టు వానలకు మా ఇంట్లోకి నీళ్ళొచ్చి కంప్యూటరూ, పక్కనే పెట్టిన బ్యాకప్ డిస్కూ కలిసే మునిగాయి. ఇప్పుడు నా ఆర్‌సింక్ డిస్కు జనగామలో మా అక్క బీరువాలో, పట్టుచీరల కింద ఉంటుంది.

హన్మకొండ స్టూడియో:
సరే తమ్మీ, రెండో డిస్కు కావాలి, ఒప్పుకుంటా. కానీ ఆర్‌సింక్‌తో నా తంటా వేరు. ఆల్బమ్ ఓకే అయ్యాక ఫోల్డర్ పేరుకు ‘ఫైనల్’ తగిలిస్తాం. దానికి అది కొత్త ఫోల్డరే. మళ్ళీ 180 జీబీ కాపీ!

కరీంనగర్ సర్వర్‌వాలా:
అందుకే బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లోనే ఉన్న సెండ్, రిసీవ్ వాడండి. నిన్నటి స్నాప్‌షాట్‌కూ ఇవాళ్టిదానికీ ఉన్న తేడానే రెండో డిస్కుకు వెళ్తుంది. పేరు మారితే ఆ మార్పొక్కటే వెళ్తుంది. స్నాప్‌షాట్లు రీడ్ ఓన్లీగా (మార్చడానికి వీల్లేకుండా) తీయాలి, అవతలి డిస్కూ బీటీఆర్‌ఎఫ్‌ఎస్సే అయి ఉండాలి. చోటు చాలట్లేదని నిన్నటిదాన్ని ఏ ఒక్క డిస్కులో చెరిపేశారో, మళ్ళీ మొత్తం పంపాల్సి వస్తుంది. ఎల్‌వీఎమ్ (లినక్స్‌లో డిస్కుల చోటును పంచే ఏర్పాటు) పాత పద్ధతి స్నాప్‌షాట్ జోలికి మాత్రం పోకండి. దానికిచ్చిన చోటు నిండితే అది ఇక పనికిరాదు. 10 జీబీ ఇచ్చి పడుకుని, పొద్దున తల పట్టుకున్నవాణ్ణి.

కాజీపేట కుర్రాడు:
ఆ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డిస్కును విండోస్ ల్యాప్‌టాప్‌కు పెడితే తెరుచుకోదు కదా భయ్యా! మా అక్కింట్లో ఉన్నది విండోసే. నేను ఆర్‌సింక్‌నే నమ్ముతా. కాకపోతే నడుస్తున్న ఫోల్డర్ నుంచి కాకుండా స్నాప్‌షాట్ నుంచి తీస్తా. లేదంటే ఎడిటింగ్‌లో ఉన్న వీడియో సగమే వస్తుంది.

హన్మకొండ స్టూడియో:
నాకు పేర్ల బాధే ఎక్కువ కాబట్టి సెండ్ మొదలుపెట్టాను. మొదటిసారి కదా, మొత్తం వెళ్తోంది, తెల్లారేలా ఉంది. డిస్కు నర్సంపేటలో మా మామ దగ్గర పెడతా. ఇంకో డౌటు: పాత పెళ్ళిళ్ళు డిలీట్ చేసినా చోటు ఖాళీ కావట్లేదేంటి?

కరీంనగర్ సర్వర్‌వాలా:
స్నాప్‌షాట్లు పట్టుకుని కూర్చున్నాయన్నా. పాతవి తీసెయ్. రెండో డిస్కుకు పంపుతున్నది మాత్రం ముట్టుకోకు.