వానను, బోరును రైతే కొలుచుకుంటే అనంతపురంలో నీళ్లు మిగులుతాయా?

మెట్టసేద్యం (చర్చ మొదలు):
అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసి తేలికపడుతుంది. ఈశాన్య కాలపు వానలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఈ జిల్లాతో పాటు కరువు బాధలున్న మరో ఆరు ఉమ్మడి జిల్లాల్లో, 2000ల దశకంలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. 600కు పైగా ఆవాసాల రైతులు వర్షమాపకంతో వానను, టేపుతో ఎంపిక చేసిన బోర్ల మట్టాన్ని కొలిచి బోర్డు మీద రాసి, రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, ఏ పంటకు ఎంత కావాలి అని పంటల నీటి బడ్జెట్ వేసుకునేవారు. ఎవరి మీదా నిషేధం లేదు, జరిమానా లేదు. లెక్క చూసుకుని ఎవరి నిర్ణయం వారు తీసుకోవడమే పద్ధతి. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక సైతం దీన్ని మెచ్చుకుంది. చెక్‌డ్యాములకు పెట్టే ఖర్చులో కొంత మళ్లించి, ప్రతి ఊళ్లోనూ ఈ కొలతలను తిరిగి మొదలుపెట్టాలన్నది నా వాదన. అభ్యంతరాలు ఉన్నవారు చెప్పండి.

ఎర్రనేల:
అభ్యంతరం ఉంది. మా ఊళ్లోనూ ఇటువంటి కార్యక్రమం ఒకటి జరిగింది. మూడేళ్లు ఎంతో శ్రద్ధగా రాశాము. ఆ తర్వాత అడిగేవారు లేకపోవడంతో వర్షమాపకం గరాటు ఊడిపోయింది, డబ్బాను ఎవరో ఇంటికి పట్టుకుపోయారు, బోర్డు మీద ఎన్నికల రాతలు వెలిశాయి. దీనికి రైతు బద్ధకం కారణం కాదు. నేను వరి మానుకుని ఆపిన నీళ్లు నా బోరులోనే నిలిచి ఉండవు, పక్క పొలం బోరులో తేలుతాయి. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. కరెంటు వచ్చినప్పుడల్లా ఆటో స్టార్టరు మోటారును దానంతటదే ఆడిస్తుంది. అటువంటి చోట బోర్డు మీద అంకె చూసి దాహం తగ్గించుకునేవాడు ఎవరు? నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో తెచ్చిన వాల్టా చట్టం ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వరాదని అంటుంది. రాత్రికి రాత్రి రిగ్గు బండి వచ్చి పోయే ఊళ్లో ఆ టేపు పట్టి కొలిచినవారిని నేను ఇంతవరకూ చూడలేదు.

రాతిపొర:
నేను భూగర్భశాస్త్రం చదువుకున్నవాడిని కనుక కొలత విలువ గురించి కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకండి. మన కింద ఉన్నది గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్లు. పైన కొన్ని మీటర్ల మందాన మురిగిన రాయి (ఎండకు, వానకు చితికి మెత్తబడినది), దాని కింద బీటలు. రాయిలో ఖాళీ చాలా తక్కువ. భూగర్భజల అంచనాకు దేశమంతటా వాడే ప్రమాణాల ప్రకారం ఇటువంటి మురిగిన రాయి నుంచి పిండుకోగలిగిన నీరు దాని ఘనపరిమాణంలో ఒకటిన్నర నుంచి మూడు శాతం. వానలో లోపలికి ఇంకేది, అందులోని బంకమట్టి పాలును బట్టి, సుమారు 8 నుంచి 11 శాతం. సులువు కోసం 10 శాతం అనుకుందాం. అప్పుడు 550 మిల్లీమీటర్లలో భూమిలోకి దిగేది 55 మిల్లీమీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే, వెయ్యి ఎకరాల మీద కురిసిన వాన నుంచి ఇంకిన నీరంతా కలిపి 46 ఎకరాల వరికి సరిపోతుంది. వరి మడిలో పెట్టినదాంట్లో కొంత తిరిగి ఇంకుతుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ అవే ప్రమాణాలు, బోరు నీటితో వరి వేసినప్పుడు, మట్టం 10 మీటర్ల లోపు ఉంటే 45 శాతం తిరిగి వస్తుందనీ, 25 మీటర్లు దాటితే 20 శాతమేననీ లెక్కిస్తాయి. మట్టం ఎంత లోతుకు పోతే తిరిగొచ్చేది అంత తగ్గుతుందన్నమాట.

మరో చిక్కు ఉంది. రాయిలో ఖాళీ రెండు శాతమే అయినప్పుడు 60 మిల్లీమీటర్ల నీరు ఇంకితే మట్టం మూడు మీటర్లు లేస్తుంది. ఊరంతా సంబరపడి, బోర్లు నిండాయని రబీలో వరి నారు పోస్తుంది. లేచినంత వేగంగానే ఆ మట్టం సంక్రాంతి నాటికి పడిపోతుంది. అందుకే వాన ఒక్కటీ కొలిస్తే చాలదు, మట్టం ఒక్కటీ కొలిచినా చాలదు. పది వానలుగా పది పది మిల్లీమీటర్లు పడితే ఆ నీరు పైమట్టిని తడిపి ఆవిరైపోతుంది. అదే వంద మిల్లీమీటర్లు రెండు రోజుల్లో పడితే చెరువు మరవ పోతుంది, బోర్లూ కదులుతాయి. 2021 నవంబరులో రాయలసీమను ముంచిన వానలు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఏడాది మొత్తం అంకెతో బడ్జెట్ వేసేవాడు ఈ తేడాను గుర్తించలేడు, ఏ రోజు ఎంత వాన పడిందో రాసిన దినవారీ పుస్తకం ఉన్నవాడు గుర్తిస్తాడు.

కాలువగట్టు:
ఇంత లెక్క ఎందుకండీ? శ్రీశైలం జలాశయం నుంచి నీరు తోడే హంద్రీ-నీవా ఎత్తిపోతల కాలువ ద్వారా మన జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి కృష్ణా నీళ్లు చేరి, చెరువులు నిండిన చోట చుట్టుపక్కల బోర్లు వాటంతటవే బతికాయి. కొలతలకు పెట్టే ఖర్చు కాలువలకు పెట్టండి.

రాతిపొర:
చెరువు నిండితే కింది బోర్లు బతుకుతాయని ఒప్పుకుంటాను. కానీ శ్రీశైలానికి వరద తక్కువైన ఏడాది ఏం చేస్తారు? కాలువ నీరు చూసి పెరిగిన చీనీ (బత్తాయి) తోటలకు ఒక్క ఏడాది తడి తప్పినా చాలు, పదేళ్ల చెట్టు పోతుంది. పైగా కాలువకు ఎత్తున ఉన్న గ్రామాలకు ఈ మాట ఓదార్పు కాదు.

నీటిలెక్క:
మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లాలోని హివరే బజార్ అనే ఊరిని గమనించండి. వాన మనకన్నా తక్కువే. అక్కడ ఏటా నీటి ఆడిట్ చేసి, ఏ పంటకు ఎంత అని గ్రామసభలో తేల్చుకుంటారు. సేద్యానికి బోరు వేయకూడదు, చెరకు, అరటి వేయకూడదు అన్న కట్టుబాటు ఉంది. అంటే కొలతకు వెనక కట్టుబాటు నిలబడింది. మన ప్రాజెక్టు రెండో భాగాన్ని వదిలేసి మొదటి భాగాన్నే పట్టుకుంది.

ఎర్రనేల:
అక్కడ సర్పంచి పోపట్‌రావ్ పవార్ లాంటి మనిషి దశాబ్దాల పాటు వెన్నంటి ఉన్నాడు. ఊరికో పవార్‌ను ఎక్కడ నుంచి తెద్దాము? మా ఊళ్లో ఏ పార్టీ వాడు మైకు పట్టుకుంటే ఆ పార్టీ వాళ్లే సభకు వస్తారు.

పెన్నాపాయ:
మరొక దారి గురించి ఎవరూ ప్రస్తావించలేదు. వాసన్ అనే స్వచ్ఛంద సంస్థ అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బోర్లను పైపులతో కలిపి, బోరు ఉన్న రైతు లేని రైతుకు వేరుశనగను కాపాడే ఒకటి రెండు తడులు ఇచ్చేలా, బదులుగా అందరూ కొత్త బోర్లు వేయబోమని ఒప్పుకునేలా చేసింది. ఎర్రనేల గారు చెప్పిన ‘పక్కవాడి బోరు’ చిక్కు ఇక్కడ చాలావరకు తీరుతుంది, ఎందుకంటే పక్కవాడికీ అదే పైపు. బోరు లేనివాడికి నీటి హామీ దొరికితే అప్పు చేసి బోరు వేసే అవసరం తప్పుతుంది. అనంతపురంలో వరుసగా నాలుగు బోర్లు వేసి నాలుగూ ఎండినవారి అప్పుల సంగతి మనందరికీ తెలిసిందే. కొలత పుస్తకం అప్పుడు బోధకుడి చేతి కాగితం కాకుండా, ఈసారి ఎన్ని తడులు ఇవ్వగలమో తేల్చే ఖాతా అవుతుంది.

మెట్టసేద్యం:
నా మొదటి వాదనను కొంత సవరించుకుంటున్నాను. కొలతలు ఊరంతటికీ ఒకేసారి అని కాకుండా, పైపులు కలుపుకోవడానికి సిద్ధపడిన పది పదిహేను బోర్ల గుంపుతో మొదలుపెట్టడం మేలు. అక్టోబరు చివర మట్టం తీసి, అప్పటివరకు పడిన దినవారీ వాన పక్కన పెట్టి, రబీకి ఎన్ని ఎకరాలో తేల్చాలి. ఊరి జనంతోనే భూగర్భజలాన్ని చూసుకునేలా చేసే కేంద్ర పథకం అటల్ భూజల్ యోజన 2019లో ఏడు రాష్ట్రాలకు వచ్చినా అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. కాబట్టి టేపు, వర్షమాపకం, పుస్తకం మన చందాతోనే కొనుక్కోవాలి, అదేమీ పెద్ద ఖర్చు కాదు. కరెంటు విషయంలో మాత్రం ఎర్రనేల గారి మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఎర్రనేల:
కరెంటు సంగతి పక్కన పెట్టండి, అది ఈ చర్చలో తేలేది కాదు. నా షరతు ఒక్కటే. బోర్డు మీద బోరు నంబరు, మట్టం మాత్రమే కాకుండా దాని కింద ఎన్ని ఎకరాలు ఏ పంట వేశారో, ఎవరు వేశారో పేరుతో సహా రాయాలి. ఒప్పుకుంటే మా పొలం బోరును మొదటి వరుసలో రాసుకోండి. ఈ ఏడాది దాని కింద ఎకరంన్నర వరి ఉంది, అది కూడా రాయండి.